కథ నిలబెట్టేది పక్కవాడే

వానాకాలం వరి కోతలప్పుడు మిర్యాలగూడ, హాలియా, నేరేడుచర్ల దిక్కు ఏ ఐకేపీ కొనుగోలు కేంద్రానికి పోయినా ఒక మాట పొద్దంతా వినబడుతుంది: "పదిహేడు దాటింది, ఆరబోసుకొని రా." ధాన్యంలో తేమ 17 శాతం మించొద్దన్నది నిబంధన. మిషన్‌లో అంకె చూసి సెంటర్ నడిపే అక్క ఆ మాట అంటుంది. రద్దీ ఉన్న రోజు అక్కడి మాటలు దాదాపు ఇట్లా నడుస్తాయి.

"నిన్న పొద్దుగూకాల పదహారే ఉండె అక్కా. రాత్రి మంచు పడి..."

"ఇప్పుడెంత ఉన్నది? పంతొమ్మిది. ఆరబొయ్యి, పో."

అదే రైతు, అదే అక్క, అదే మిషన్. మాట ఇంకో తీరుగా కూడా నడవొచ్చు.

"నిన్న పొద్దుగూకాల పదహారే ఉండె అక్కా. రాత్రి మంచు పడ్డది."

"మంచు పడ్డదా? కుప్ప మీద ఏం కప్పలేదా?"

"కప్పుదమంటే టార్పాలిన్ యాడిది? ఉన్న నాలుగు ఆ చివరి కుప్పలకు పోయినయ్."

"చివరి కుప్పలు నిన్ననే కాంటా అయినయ్ గదా. ఆడ రెండు ఊకెనే పడున్నయ్. పొద్దటిపూట ఆరబొయ్యి, మూడు గొట్టంగ మళ్ల తేమ చూస్త. ఇయ్యాల కాకపోతే రాత్రికి ఆ రెండు నువ్వే కప్పుకో."

రెండోదానికి అర నిమిషం ఎక్కువ పట్టిందేమో. నిబంధన వెంట్రుకవాసి కూడా కదల్లేదు, పంతొమ్మిది ఉన్న ధాన్యాన్ని ఆమె కొననూ లేదు. తన తర్వాతి మాటను ఎక్కడి నుంచి అందుకుందన్నదొక్కటే మారింది. మొదటిసారి మిషన్ నుంచి అందుకుంది. రెండోసారి రైతు నోట చివర వచ్చిన మాట నుంచి అందుకుంది. మంచు దగ్గర ఆగింది కాబట్టే టార్పాలిన్ దాకా పోగలిగింది. రేపు ఆ రైతు మళ్లీ తడిసిన వడ్లతో వచ్చి ఆమె ముందే నిలబడే పని తప్పింది.

రాసిపెట్టుకున్న సంభాషణలు లేకుండా, వేదిక ఎక్కిన తర్వాత ఒకరి మాటకు ఒకరు మాట కలుపుతూ నవ్వు పుట్టించే నాటక పద్ధతి ఒకటుంది. ఇంప్రొవ్ కామెడీ అంటారు. అందులో మొదటి పాఠం ఈ అక్క చేసిన పనే. అమెరికాలో ఈ పద్ధతికి పునాది వేసిన వయోలా స్పోలిన్ (1906–1994) పేరున్న నటులను తయారుచెయ్యాలని మొదలుపెట్టలేదు. షికాగోలో వలస కుటుంబాల పిల్లలు, ఒకరి భాష ఒకరికి రానివాళ్లు, కలిసి ఆడుకోవడానికి ఆటలు అల్లింది. 1963లో ఆ ఆటలను పుస్తకంగా తెచ్చింది. ఆమె కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో షికాగోలో పెట్టిన 'ది సెకండ్ సిటీ' హాస్య నాటకశాల ఈ ఆటల మీదే పెరిగింది. నటుడు అలన్ ఆల్డా చొరవతో 2009లో స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయంలో మొదలైన కేంద్రం ఈ ఆటలనే శాస్త్రవేత్తలకూ డాక్టర్లకూ నేర్పుతున్నది. చెప్పే విషయం ఎంత తెలిసినా, ఎదుటి మనిషి ముఖం చూస్తూ, అతను ఎక్కడ ఆగిపోయాడో కనిపెడుతూ చెప్పడం వేరే విద్య అని వాళ్లు గుర్తించారు.

నల్గొండ, పాలమూరు మనుషులకు ఈ విద్య షికాగో నుంచి రానక్కర్లేదు. బీరప్ప పండుగకో మల్లన్న పట్నాలకో ఒగ్గుకథ పెట్టించినప్పుడు వాకిట్లో కూర్చున్నవాళ్లు దీన్ని చూస్తూనే పెరిగారు. అయితే మన కళ్లు ఎప్పుడూ ప్రధాన కథకుడి మీదే ఉంటాయి. ఈసారి పక్కనున్న మనిషిని చూడండి. ప్రధాన కథకుడు ఒక వాక్యం చెప్తాడు. పక్కవాడు దాని తోక పట్టుకొని అంటాడు, లేదా "అయితే మరి ఆ తల్లి ఏమన్నది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న జవాబు తెలియక అడిగింది కాదు. కథ అతనికీ వచ్చు. వాకిట్లో కూర్చున్న ముసలమ్మ మనసులో అదే క్షణాన లేచిన ప్రశ్నను ఆమె తరఫున అతను అడుగుతున్నాడు. కథకుడికి దమ్ము తీసుకునే సందు దొరుకుతుంది, డోలు అందుకుంటుంది, కథ ముందుకు పోతుంది. అవసరమైతే అతనే చెల్లెలవుతాడు, మంత్రి అవుతాడు, గొర్రెల కాపరి అవుతాడు. మధ్యలో ఆ ఊరి సంగతి ఏదో తగిలించి, ముందు వరుసలోని పెద్దమనిషి మీద ఓ ఛలోక్తి విసిరి జనాన్ని నవ్విస్తాడు.

ఇక్కడే అసలు పనితనం ఉంది. నవ్వించాక అతను కథను ప్రధాన కథకుడికి తిరిగి అప్పజెప్తాడు. నవ్వు బాగా పండింది కదా అని ఇంకో రెండు జోకులు వేస్తే కథ చెడుతుంది. అసలు నవ్వించకపోతే నడిరాత్రి దాటేసరికి జనం నిద్రపోతారు. ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు వదలాలో కాగితం మీద రాసి ఉండదు. విన్నదాన్ని బట్టే తెలుస్తుంది. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూసేదాకా ఒగ్గుకథకు దేశమంతా పేరు తెచ్చాడు. ఆ పేరు వెనక డోలు, తాళాలు, పక్క కథకుడు అందరూ ఉన్నారు. ఒగ్గుకథ ఒక్కడు చెప్పేది కాదు.

గొల్లసుద్దులూ అంతే. భుజాన గొంగడి, చేతిలో కర్రతో నిలబడే ప్రధాన సుద్దులకాడికి పక్కన అడిగేవాళ్లు, అందుకునేవాళ్లు ఉంటేనే సుద్ది సాగుతుంది. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా సుద్దాల ఊరి పేరే ఇంటిపేరైన సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఈ రూపాన్ని అందుకొని భూమి గురించి, వెట్టి గురించి చెప్పించాడు. నిజాం పోలీసుల భయం ఉన్న రోజుల్లో ఉపన్యాసం ఇచ్చినా వినేవాళ్లు తక్కువ. అడిగే మనిషి, చెప్పే మనిషి ఇద్దరూ జనంలోంచే నిలబడి మాట్లాడుకుంటుంటే విన్నారు.

ఇదంతా ఉద్యోగానికి ఎట్లా పనికొస్తుంది? ముందు ఒక సాధన చెప్తాను, దీనికి చాయ్ తాగే పది నిమిషాలు చాలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఆఫీసు సంగతే మాట్లాడండి. షరతు ఒక్కటే: ఎదుటివాళ్లు ఆపిన చివరి మాటతో మీ వాక్యం మొదలుకావాలి. "ఈ నెల స్టాక్ రిపోర్టు ఆలస్యమైంది, ఎందుకంటే గోదాము తాళం ఉన్నది వాచ్‌మన్ దగ్గర." "వాచ్‌మన్ దగ్గర ఒక్కటే తాళం చెవి ఉందా?" ఇంతే ఆట. మొదటి రోజు చిరాకేస్తుంది. మనం ఎదుటివాళ్ల వాక్యం సగంలో ఉండగానే మన జవాబు తయారుచేసుకుంటామని, అంటే రెండో సగం వినడమే లేదని అప్పుడు తెలిసివస్తుంది. చివరి మాట దాకా ఆగాల్సి రావడంతో చెవి తెరుచుకుంటుంది. వారం పది రోజులు ఆడాక షరతు వదిలేసినా అలవాటు మిగులుతుంది. వినాలని గట్టిగా అనుకున్నంత మాత్రాన వినడం రాదు. డోలు కొట్టేవాడి చేతిలాగే దాన్ని సాధనతో అలవాటు చెయ్యాలి.

రెండో సాధన ముగ్గురు నలుగురు ఉన్నచోట పనికొస్తుంది. ఒక కథను ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చొప్పున చెప్పాలి. ముందువాళ్లు చెప్పిందాన్ని రద్దు చెయ్యకూడదు. ఒకరు "దేవరకొండ బస్సులో మేకపిల్ల ఎక్కింది" అంటే, తర్వాతివాళ్లు "అది మేకపిల్ల కాదు, కుక్క" అనకూడదు. మేకపిల్ల ఎక్కింది కాబట్టి కండక్టర్ ఏం చేశాడో చెప్పాలి. మన సమీక్ష సమావేశాల్లో ఎవరైనా ఒక ఆలోచన పెట్టగానే రెండో మనిషి నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటో గమనించండి. "అది కాదు సార్" అనేదే ఎక్కువ వినిపిస్తుంది. ఆలోచన మంచిదా చెడ్డదా తేలకముందే అది చచ్చిపోతుంది. ఒక్క నిమిషం దాన్ని నిలబెట్టి, దానికి ఒక అడుగు కలిపి, ఆ తర్వాత లోపం చెప్పండి. లోపం చెప్పడం మానొద్దు, దాని వరుస మాత్రం మార్చండి.

ఒప్పుకోవడం అంటే లొంగిపోవడం అనుకునేవాళ్లు చాలామంది. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కొనుగోలు కేంద్రం అక్క పంతొమ్మిది శాతాన్ని పదిహేడుగా రాసి ఉంటే అది వినడం అయ్యేది కాదు, మోసం అయ్యేది. ఆమె ఒప్పుకున్నది రైతు చెప్పిన పరిస్థితిని. అతని కోరికకు తల ఊపలేదు. కౌంటర్ల మీద పనిచేసేవాళ్లు, బ్యాంకు, తహసీల్ ఆఫీసు, ఆసుపత్రి చీటీ రాసేచోట ఉన్నవాళ్లు, ఈ రెండింటినీ విడిగా చూడటం నేర్చుకుంటే వాళ్ల రోజు సగం తేలికవుతుంది. "మీ బాధ నాకు అర్థమైంది" అనే అరువు మాట కంటే, ఆ మనిషి చెప్పిన సంగతినే ఒక్క వాక్యంలో తిరిగి చెప్పడం మేలు. "అంటే పెద్దాయన పోయినంక పాసుబుక్కు ఇంకా ఆయన పేరు మీదనే ఉన్నదన్నమాట" అని అంటే చాలు, ఎదుటి గొంతు తగ్గుతుంది.

అడ్డంకుల మధ్య మాట కట్టడం గురించి తెలుగులో అవధానాన్ని మించిన పాఠశాల లేదు. పాలమూరు దీనికి దూరం కాదు. పండితులను ఆదరించి విద్వద్గద్వాల అనిపించుకున్న గద్వాల సంస్థానానికి, ఆత్మకూరు సంస్థానానికి జంట అవధానులు తిరుపతి వేంకట కవులు వచ్చి సత్కారాలు పొందారు. అవధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం చూడండి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, ప్రశ్నలడిగే పృచ్ఛకుడు తర్వాత రాబోయే అక్షరాన్ని ఊహించి దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఇంకో అక్షరం వెతుక్కోవాలి. మళ్లీ నిషేధం, మళ్లీ కొత్త దారి. పద్యం ముందే తయారుచేసుకొని వస్తే ఒక్క అక్షరం కూడా నిలవదు. అడ్డుపెట్టినవాడు శత్రువు కాడు. అతని అడ్డంకి వల్లే పద్యం ఎవరూ ఊహించని దారిన పోతుంది, సభ ఊపిరి బిగపట్టి వింటుంది. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడైతే, అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి ఎక్కడెక్కడి కొంటె ప్రశ్నలో వేస్తాడు. మంచి అవధాని విసుక్కోడు. ఆ ప్రశ్నలోని మాటనే పట్టుకొని చమత్కారం తిప్పి, మళ్లీ తన పద్యంలోకి పోతాడు. ఇది మన గడ్డ మీద పుట్టిన ఇంప్రొవ్ కామెడీ.

పనిచేసేచోట రోజూ ఎదురయ్యేవి నిషిద్ధాక్షరాలే. బడ్జెట్ లేదంటారు, మనిషిని ఇవ్వలేమంటారు, గడువు పెంచలేమంటారు. అప్పుడు ముందే రాసుకున్న పథకాన్ని గట్టిగా చదవడం వల్ల ఏం రాదు. "మనిషిని ఇవ్వలేమన్నారు కదా, అయితే ఇప్పుడున్న ఇద్దరికీ మంగళవారం రిజిస్టర్ పని తీసేస్తే ఇది అవుతుంది" అని ఆ అడ్డంకి మీదే తర్వాతి మాట కట్టాలి. పై అధికారి తను పెట్టిన హద్దును మీరు విన్నారని గ్రహిస్తాడు. తర్వాతి హద్దు పెట్టేటప్పుడు కొంచెం జాగ్రత్త పడతాడు కూడా.

తిరుపతి వేంకట కవుల గురించి ఇంకొంచెం చెప్పాలి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) ఇద్దరూ ఒక్క వేదిక మీద కలిసి అవధానాలు చేసిన జంట. ప్రతిభ ఉన్న ఇద్దరు ఒకే సభలో చప్పట్లు పంచుకోవడం ఎంత కష్టమో పనిచేసే ప్రతి మనిషికీ తెలుసు. పద్యంలో ఏ ముక్క ఎవరిదో విడదీసి చూపించుకోవాలన్న తాపత్రయం వాళ్లు పెట్టుకోలేదు. తిరుపతిశాస్త్రి పోయాక కూడా వేంకటశాస్త్రి తన రచనలను జంట పేరు మీదే వెలువరించాడు. తర్వాతి ముప్పై ఏళ్లలో ఆ పేరులోంచి సగం తీసేస్తే అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు. తియ్యలేదు.

ఇక హోదా సంగతి. బ్రిటన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన నాటక గురువు కీత్ జాన్‌స్టన్ (1933–2023), 1979లో వచ్చిన తన 'ఇంప్రో' పుస్తకంలో దీనికి పెద్దపీట వేశాడు. ఇద్దరు మనుషులు ఒకచోట నిలబడగానే ఒకరు ఎత్తులో, ఒకరు పల్లంలో ఉంటారనీ, చూపుతో, నిలబడే తీరుతో, మాట నిడివితో దాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు అనీ అతను నటులకు సాధన చేయించాడు. దొరలూ సంస్థానాలూ నడిచిన ఈ నేల మీద ఆ పాఠం ఇంకా పదునుగా తగులుతుంది. గడీ ముందు తువ్వాల చంకలో పెట్టుకొని నిలబడిన తాతల మనవలు ఇవాళ ఆఫీసుల్లో ఉన్నారు. కొందరు కుర్చీలో, కొందరు కుర్చీ ముందు. అధికారి గదిలోకి వచ్చిన అటెండర్ గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఆయనకు తెలిసిన సంగతి, ఏ గదిలో నీళ్లు కారుతున్నయో, ఏ ఫైలు ఎవరి బీరువాలో ఉందో, ఆ గొంతుతోపాటే లోపలికి పోతుంది.

అందుకే వేదిక పంచే బరువు పెద్ద కుర్చీ మీదే ఎక్కువ ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. చిన్న ఉద్యోగిని "ధైర్యంగా మాట్లాడు" అనడం తేలిక. మీరు సమావేశం నడిపేవారైతే మీ అభిప్రాయం చివరన చెప్పండి, ముందే చెప్తే మిగతావాళ్లకు తల ఊపడం తప్ప పని ఉండదు. నిలబెట్టి మాట్లాడించకండి. "ఏమైనా చెప్పేది ఉందా?" అని అందరినీ కలిపి అడిగితే ఉండదనే అంటారు. ఒక మనిషి వైపు తిరిగి, ఆ మనిషికే తెలిసిన విషయం అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలవారీ సమీక్ష అయితే ఏఎన్ఎంను "తండాల టీకాల రోజు తల్లులు ఎన్ని గంటలకు వస్తున్నరు, ఎందుకు ఆ టైంకే వస్తున్నరు?" అని అడగండి. జవాబు వస్తుంది. ఆమె ఆగినప్పుడు వెంటనే అందుకోకుండా మూడు శ్వాసలు ఆగండి. చాలామంది అసలు సంగతి రెండో విడతలో చెప్తారు.

చిన్న కుర్చీలో ఉన్నవాళ్లకూ చేతిలో ఒక పని ఉంది. పక్కవాళ్ల మాటను ఎవరైనా నరికేసినప్పుడు దాన్ని తిరిగి నిలబెట్టొచ్చు. "సార్, మేడం తండా సంగతి చెప్తుండె, అది పూర్తయితే నా లెక్క కూడా దాని మీదనే ఉంటది" అని మర్యాదగా అనొచ్చు. మన కోసం మనం చోటు అడిగితే పొగరంటారు. పక్కవాళ్ల కోసం అడిగితే కాదనడం కష్టం. ఇద్దరు ముగ్గురు ఇట్లా ఒకరికొకరు అనుకొని చేస్తే ఒక్క నెలలో ఆ గది తీరు మారుతుంది.

నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం (2007), మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం (2008) నుంచి చదువు ముగించుకొని ఇంటర్వ్యూలకు పోయే పిల్లలకు ఒక్క మాట. గ్రూప్ డిస్కషన్‌లో ఎక్కువసేపు మాట్లాడినవాళ్లనే తీసుకుంటారన్న నమ్మకం ఒకటి కోచింగ్ గదుల్లో పాతుకుపోయింది. ఇంగ్లీషు ధారాళంగా రాదన్న దిగులు ఉన్న పిల్లలు దానివల్ల నోరు తెరవరు. మీకు ఇరవై నిమిషాల్లో నాలుగు మంచి వాక్యాలు చాలు. ముందు మాట్లాడినవాళ్ల పేరు గుర్తుపెట్టుకొని, వాళ్లు చెప్పిన అంశాన్ని ఒక వాక్యంలో చెప్పి, దానికి మీ ఊరిలో చూసిన ఒక ఉదాహరణ కలిపి, ఇంతవరకు మాట్లాడని మనిషి వైపు మాట మళ్లించండి. చూసేవాళ్లకు ఆ పని కనబడుతుంది.

సొంత కవిత్వం పనికిరాని చోట్లూ ఉన్నాయి. కరెంటు లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు. సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫీడర్ పేరు చెప్తే దాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి, అటు నుంచి మళ్లీ ఖాయం చేయించుకోవాలి. ఏమీ కలపకూడదు, ఏమీ తియ్యకూడదు. మందు మోతాదు, నగదు లెక్క, క్రేన్ కింద సైగలు కూడా అంతే. అక్కడ వినడమంటే తిరిగి చెప్పడమే. అట్లాగే వేధింపు, అవమానం, తప్పుడు సంతకం పెట్టమనే ఒత్తిడి ఎదురైనప్పుడు మాట కలపాల్సిన పని లేదు. కాదని చెప్పి, రాతపూర్వకంగా పెట్టండి.

అవధానం చివర ధారణ ఉంటుంది. గంటల తరబడి పృచ్ఛకుల్లో ఒక్కొక్కరికి పాదం పాదంగా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని ఏ కాగితమూ లేకుండా వరుసగా అప్పజెప్తాడు, ఎవరు అడిగింది ఏమిటో చెప్పి మరీ. సమావేశం ముగిసే ముందు ఐదు నిమిషాలు దీనికి ఉంచండి. నడిపినవాళ్లు కాకుండా ఇంకొకరు లేచి, కాగితం చూడకుండా, ఎవరు ఏమన్నారో పేరుతో చెప్పాలి. వారం వారం మనిషి మారాలి. తన వంతు వస్తుందని తెలిసిన మనిషి ఫోన్ కింద పెట్టి వింటాడు. తప్పు చెప్పినప్పుడు సరిదిద్దే హక్కు ఆ మాట అన్నవాళ్లకే ఉండాలి.

ఆ చెప్పింది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. మన పుస్తకాల్లో "చర్చించి తీర్మానించడమైనది" అని ఉంటుంది, ఎవరు చర్చించారో ఉండదు. గద్వాల ప్రాంతపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చినప్పుడు తన వాదన రాసి ఊరుకోలేదు. 354 మంది కవులను వాళ్ల వాళ్ల పేర్లతో అందులో నిలబెట్టాడు. మీ రిజిస్టర్‌లో ఒక నిలువు గీత ఎక్కువ గీయండి. ఆలోచన ఎవరిదో అక్కడ రాయండి, హోదా కాకుండా పేరు రాయండి. స్వీపరమ్మ చెప్పిన సంగతి అయితే ఆమె పేరే రాసి, వచ్చే సమీక్షలో ఆ పని ఎంతవరకు వచ్చిందో ముందుగా ఆమెనే అడగండి.